ముందు వరుసలో నాలుగో తల

తులోవా దీవుల్లో ఎక్కడైనా కొబ్బరికాయ రాలిన చప్పుడైతే, అది ఎవరి నెత్తిన పడిందో ముందు గవరమ్మ వాకబు చేస్తుంది. ఎవరికీ ఏమీ కాలేదని తెలిశాక కూడా ఆమెకు 'హమ్మయ్య' అనుకోవడం చేతకాదు. ఇవాళ పడలేదంటే రేపటికి అట్టే పెట్టుకుందన్నమాట, అనుకుంటుంది.

తులోవా అంటే పసిఫిక్ సముద్రం నడిమధ్య మూడు దీవుల దేశం. పటంలో చూస్తే ఈగ వాలి లేచిన మరకలా ఉంటుంది. ముత్తాతల నాడు చెరుకుతోటల పనికని ఓడెక్కించి తెచ్చిన తెలుగువాళ్ళ సంతతి పెద్దదీవిలో ఒక వాడ నిండా ఉంది. వాళ్ళు వెంట తెచ్చుకున్న సామానంతా చెదలు తినేసింది గానీ, భయాలు మాత్రం చెక్కుచెదరలేదు. ఒంటి తుమ్ము వినిపిస్తే ఆగిపోవాలి. బయల్దేరినవాణ్ణి 'ఎక్కడికి?' అనకూడదు. వెనకనుంచి పిలవకూడదు. ముగ్గురు కలిసి పనిమీద వెళ్ళకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, గడప దాటేవాడు 'వెళ్తున్నా' అనకూడదు, 'వెళ్ళొస్తా' అనాలి. వెళ్ళడమనేది సగం మాటే కదా. వచ్చే సంగతి చెప్పకుండా వెళ్ళినవాణ్ణి తిరిగి తెచ్చే పూచీ ఎవరిది?

గవరమ్మ వీటికి తోడు సొంతంగా మరికొన్ని కల్పించుకుంది. అలాంటి తల్లికి ఉన్న ఒక్కగానొక్క కొడుకు సింహాచలం, పోయి పోయి రగ్బీలో తులోవా జాతీయ జట్టుకెక్కాడు.

రగ్బీ అంటే పెద్ద గుడ్డులాంటి బంతిని చంకన పెట్టుకుని ఒకడు పరిగెత్తడం, మిగతావాళ్ళు మీదపడి వాణ్ణి పడెయ్యడం. అది చాలదన్నట్టు మధ్యమధ్యలో స్క్రమ్ అని ఒకటుంటుంది. ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది, వంగి తలలు తలల్లో దూర్చి, గిత్తల్లా నెట్టుకుంటారు. ముందు వరుసలో ముగ్గురుంటారు. ఆ ముగ్గురి నడుమ ఉండేవాడే సింహాచలం. మెడ విరగడానికి అంతకన్నా అనువైన చోటు మైదానం మొత్తం మీద ఇంకోటి లేదు. ఏరి మరీ ఆ చోటు తన కొడుక్కే ఇచ్చారని గవరమ్మ నమ్మకం.

ఇలా ఉండగా అఖిల సాగర రగ్బీ మహాసంఘం వారికి ఆటగాళ్ళ క్షేమం మీద మనసు పడింది. ప్రతి జట్టూ ఒక 'అపాయదర్శి'ని నియమించుకోవాలనీ, ఆ దర్శి ముందుగా చూసిన అపాయాలన్నిటినీ తొలగించాకే ఆట మొదలవ్వాలనీ, ఒక జట్టు తీసుకున్న జాగ్రత్త రెండో జట్టుకూ వర్తిస్తుందనీ సర్క్యులరు పంపారు. పెద్ద దేశాలు ఆచార్యులనీ, కంప్యూటర్లనీ పెట్టుకున్నాయి. తులోవాకు ఉన్నది ఒకే డాక్టరు. ఆయన సింహాచలానికి కుడిపక్కన ముందు వరుసలో ఆడతాడు.

తులోవా రగ్బీ సంఘం కార్యదర్శి సెమీసి గవరమ్మ ఇంటికొచ్చాడు. సెమీసి దీవిమనిషి. చిన్న దేశం గనక ఆయనే పోస్టుమాస్టరు, ఆయనే వాతావరణ అధికారి, ఆయనే సర్కారువారి తెలుగు అనువాదకుడు. పాతకాలపు దొరలు వదిలేసి వెళ్ళిన వ్యాకరణం పుస్తకంలో తెలుగు నేర్చుకున్నాడు. అందుచేత ఆయన నోరు తెరిస్తే గోడమీద నోటీసు అతికించినట్టుంటుంది.

"గవరమ్మ గారూ, తమ గృహమునకు నేను విచ్చేయుటకు గల కారణమేమనగా..."

"ముందు కూకోండి బాబూ. ఆ కుర్సీ ఒద్దు, కాలు ఊగతంది. ఈ బల్లమీద... ఒద్దొద్దు, పైన దూలం ఉంది. పోనీ గుమ్మం కాడ... గాలికి తలుపు కొట్టేసిందంటే! నిలబడిపోండి బాబూ, అదే మంచిది. మరీ గట్టిగా నిలబడకండి, మోకాళ్ళు పట్టేత్తాయి."

సెమీసి నిలబడే పొంగిపోయాడు. "ఇదియే! దేశమునకు కావలసిన ప్రజ్ఞ ఇదియే! తమరిని జాతీయ అపాయదర్శిగా నియమించుచున్నాము."

గవరమ్మకు అందులో ఒక్కటే వినపడింది. "అయితే మా గుంటణ్ణి ఆటలోంచి తీసేత్తారా?"

"నిబంధనల యందు అట్టి వెసులుబాటు లేదు. అపాయమును మాత్రమే తొలగించవలెను. క్రీడాకారుని యథాతథముగా ఉంచవలెను."

గవరమ్మ లెక్కేసుకుంది. ఆటలోంచి కొడుకుని తీయలేకపోతే, కొడుకు చుట్టూ ఉన్న ఆటని తీసేయొచ్చు. "సరే బాబూ, ఒప్పుకున్నాను," అంది.

సెమీసి కలం తీశాడు. "అధికారపూర్వకముగా అడుగుచున్నాను. తమకు ప్రస్తుతము భయమేమైనా కలదా?"

పెళ్ళయిన నాటినుంచీ గవరమ్మను ఆ మాట అడిగిన మనిషి లేడు. చెరుకుమిల్లులో పనిచేసే మొగుడైతే ఆమె 'నాకు బయ...' అనేసరికే చెప్పులేసుకుంటాడు. అడిగిందే తడవుగా ఆమె చెప్పడం మొదలుపెట్టింది. సెమీసి కలంలో సిరా అయిపోతే పెన్సిలు తీశాడు. పెన్సిలు అరిగిపోతే, మిగిలింది ఆవిడే మైదానానికొచ్చి ఎప్పటికప్పుడు చెప్పేట్టు ఏర్పాటు చేశాడు.

మొదటి ఆట పొరుగు దీవులవాళ్ళతో జరిగింది. జరిగిందనడం మాట వరసకే.

ఎవణ్ణి పట్టుకున్నా చెప్పకుండా పట్టుకోకూడదు, గుండె ఆగిపోగలదు. కాబట్టి 'నిన్ను పట్టుకోబోతున్నాను' అని ముందు తెలపాలి, అవతలివాడు సరే అనాలి. పరిగెత్తేవాడు కింద చూసుకుంటూ పరిగెత్తాలి. పైనా చూసుకోవాలి. రగ్బీలో బంతిని వెనకకే విసరాలి. వెనక ఉన్నవాడు 'ఇటు, ఇటు' అని అరిస్తే గానీ ముందున్నవాడికి తెలియదు. కానీ పనిమీద పోయేవాణ్ణి వెనకనుంచి పిలవకూడదు కదా! దాంతో వెనకవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు, ముందువాళ్ళు దేవుడిమీద భారం వేసి విసిరారు, బంతి పోయి ఎండలో పడుకుంది. రిఫరీ మరిచిపోయి ఒకణ్ణి 'ఎక్కడికి?' అని అడిగినందుకు ఆట ఆపి అందరికీ మంచినీళ్ళిచ్చారు. నీళ్ళు తాగుతూ ఒకడు తుమ్మాడు. రెండో తుమ్ము కోసం రెండు జట్లూ చాలాసేపు వాడి ముక్కువంక చూస్తూ నిలబడ్డాయి.

స్క్రమ్ దగ్గర పెద్ద చిక్కొచ్చింది.

"ముగ్గురేటి బాబూ!" గవరమ్మ గట్టునుంచి కేకేసింది. "ముగ్గురు కలిసి ఒక పనిమీద ఎల్లకూడదు!"

"మరి కర్తవ్యమేమి?"

"మా ఇళ్ళల్లోనైతే చేతిలో ఓ రాయి పెట్టుకుని నలుగురు లెక్క సేత్తాం."

మైదానంలోకి రాయి తేవడం అపాయం. అంచేత రెండు జట్లకూ ముందు వరుసలో నాలుగోవాడు ఉండాలని సెమీసి నిబంధన రాశాడు. 'నామమాత్ర చతుర్థుడు' అని దానికి పేరు పెట్టాడు. తల గల వ్యక్తి ఎవరైనా అర్హులే. తులోవా తరఫున తల ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాకపోయేసరికి, దేశంకోసం ఆయనే కోటూ టై వేసుకుని, నడుముకి చుట్టుగుడ్డ బిగించి, ముందు వరుసలో వంగాడు.

ఆట సున్నాకి సున్నాగా ముగిసింది. చీమకైనా దెబ్బ తగల్లేదు.

మహాసంఘం వారు పరవశించిపోయారు. ఈ శతాబ్దంలో గాయం లేకుండా సాగిన రగ్బీ ఇదొక్కటేనని తేల్చి, 'తులోవా విధానం' అన్ని దేశాలకూ తప్పనిసరి చేశారు. గోల్ కన్నా గాయం లేకపోవడానికే ఎక్కువ పాయింట్లన్నారు. వరసగా నాలుగైదు సున్నాలు చేసుకుని తులోవా పట్టికలో పైకి పాకింది. విదేశాలనుంచి నిపుణులొచ్చి గవరమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని, ఒంటి తుమ్ముకీ జంట తుమ్ముకీ తేడా రాసుకుపోయారు. ఒక దేశం తుమ్ముల శాఖే పెట్టింది. ఇంకో దేశం ఆటగాళ్ళందరికీ ఒక ముసలమ్మను జీతానికి కుదిర్చింది గానీ, ఆవిడ దేనికీ భయపడకపోవడంతో మానిపించేశారు.

గవరమ్మకు జీవితంలో మొదటిసారి కంటినిండా నిద్ర పట్టింది. నిద్ర మరీ ఎక్కువగా పడుతోంది, ఏదైనా జబ్బేమో అని మెలకువ వచ్చాక బెంగపడింది.

పెద్ద దేశంతో ఆట రానే వచ్చింది. ఆ దేశం పేరెందుకు, పెద్దది. వాళ్ళ ఆటగాళ్ళు ఒక్కొక్కడు తలుపుచెక్కంత ఉంటాడు. ఈ ఆటలోనూ గాయం లేకుండా బయటపడితే తులోవా ప్రపంచ పోటీకి వెళ్తుంది.

ఆ ఉదయం సింహాచలం ఎండుచేపల కూర కలుపుకుని, ముద్ద నోట పెట్టకుండా కూర్చున్నాడు.

"ముల్లేదైనా ఉందేట్రా?" గవరమ్మ కంగారుగా కంచంలోకి వంగింది.

"ముల్లూ నేదు, గిల్లూ నేదు. అమ్మా, నాను ఒకణ్ణి పడగొట్టి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు?"

"మంచిదే గదరా నాయినా."

"ఏటి మంచిది! మొన్న ఆ పొరుగుదీవోడు పరిగెత్తుకొచ్చి నా ముందర ఆగి, 'అన్నా, ఎడమపక్కనించి నడుం పట్టుకుంటాను, నీకేమైనా ఇబ్బందా?' అన్నాడు. నేదు తమ్ముడూ అన్నాను. పట్టుకున్నాడు. ఇద్దరం అలా నిలబడిపోనాం, పెళ్ళిలో ఫొటోకి నిలబడ్డట్టు."

"పేపర్లో ఆ ఫొటో ఎంత బావొచ్చిందో!"

"నవ్వుతున్నారే అందరూ! చెరుకు బళ్ళు తోలే గుంటలు కూడా నన్ను సూసి తుమ్ముతున్నారు." సింహాచలం కంచం పక్కకు జరిపాడు. "ఆ పెద్ద దేశపోళ్ళతో తల పెట్టి నెట్టాలని ఊహ తెలిసిన కాడ్నించీ నా కోరిక. ఓడిపోతాం, తెలుసు. తుక్కుతుక్కుగా ఓడిపోతాం. ఒక్కసారి నెట్టనీయే అమ్మా!"

"మెడ..."

"నా మెడే గదే!"

"నీ మెడ నీదెప్పుడయిందిరా? నిలబడని మెడని అరచేతిలో పెట్టి మోసింది నాను."

సింహాచలం లేచాడు. చెయ్యి కడుక్కున్నాడు. సంచి భుజాన వేసుకున్నాడు. గడపమీద ఆగి, వెనక్కి తిరక్కుండా, "ఎల్తన్నాను," అన్నాడు.

గవరమ్మ మిగతా సగం కోసం చెవి రిక్కించింది. రాలేదు. వాడు గడప దాటేశాడు.

ఇన్నాళ్ళూ ఆమె పడ్డ భయాలు వేరు, ఇది వేరు. వీధిలోకి పరిగెత్తింది. ఒక్క కేకేస్తే ఆగుతాడు. కానీ వెనకనుంచి ఎలా పిలుస్తుంది? ముందుకెళ్ళి ఎదురు నిలబడాలి. చెరుకుతోటలోంచి అడ్డంపడి రోడ్డెక్కేసరికి జట్టు లారీ కదిలింది. లారీలో కూర్చున్నవాడు ఇటువైపు ముఖం పెట్టినా చాలు, ఎదురైనట్టే. వాడు కోపంకొద్దీ ఇంజనువైపు తిరిగి కూర్చున్నాడు. లారీ వెనక దుమ్ములో గవరమ్మ మైదానందాకా నడిచింది. అక్కడ ఆవిడకి సర్కారువారు ప్రత్యేకంగా వేసిన కుర్చీ ఉంది. అది సరిగ్గా జట్టు వీపుల వెనక ఉంది. జట్టు లేచి మైదానంలోకి నడిచినప్పుడూ వీపే. ఈ పక్కకి పరిగెడితే అటు తిరిగాడు, ఆ పక్కకి పరిగెడితే ఇటు తిరిగాడు. ఇన్నేళ్ళుగా చూస్తున్న కొడుక్కి ఇంత వీపుందని ఆమెకు ఆవేళే తెలిసింది.

రిఫరీ స్క్రమ్‌కి ఈల వేశాడు. ఎవరూ వంగలేదు. సెమీసి మైకు అందుకున్నాడు.

"ప్రేక్షక మహాశయులకు విన్నపము. ప్రత్యర్థి పక్షపు నామమాత్ర చతుర్థుడగు అపాయశాస్త్ర ఆచార్యుల వారు, పడవ ప్రయాణమున వాంతులు చేసుకొనిన కారణమున, విశ్రాంతి గృహమందు శయనించి యున్నారు. చతుర్థుడు లేనిదే స్క్రమ్ లేదు. స్క్రమ్ లేనిదే ఆట లేదు. తల గల వారెవరైనను ముందుకు రావలసినది."

గవరమ్మ మైదానంవంక చూసింది. కొడుకు ముందు వరుస నడుమన నిలబడి ఉన్నాడు. వాడికి ఎదురుగా, ముఖంలో ముఖం పెట్టి చూడగలిగిన చోటు ప్రపంచం మొత్తం మీద ఒకటే ఉంది. అది ఖాళీగా ఉంది.

ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపింది. కొంగు నడుముకి చుట్టి, పెద్ద దేశంవాళ్ళ వైపు నడిచింది. తులోవా జనం నోళ్ళు తెరిచారు. తలుపుచెక్కల్లాంటి ఆ ముగ్గురూ ఈవిడ భుజం మీద చెయ్యి వెయ్యాలా వద్దా అని తటపటాయించి, చివరికి ఒకడు తన తువ్వాలు తీసి గడ్డిమీద పరిచాడు.

"నీ మెడ జాగ్రత్త బాబూ," అందామె వాడితో, వంగుతూ.

తలలు తలల్లో దూరాయి. లోపల చీకటి, చెమటవాసన, పద్దెనిమిది మంది ఊపిరి. గవరమ్మ తల పాక్కుంటూ పోయి కొడుకు తలకి ఎదురుగా ఆగింది.

సింహాచలం కళ్ళు తేలేశాడు. "ఏటే అమ్మా! నువ్వటుపక్కేటి!"

"ఎనకనించి పిలవకూడదు గదరా. అందుకే ముందుకొచ్చాను."

"నీకేటైనా మతిపోయిందా? నెట్టేరంటే మెడ ఇరిగిపోద్ది! బయటికెల్లు!"

"ఇప్పుడు తెలిసిందా, మెడంటే ఏటో? మిగతా సగం సెప్పు, ఎల్తాను."

"ఏటి సగం?"

"ఎల్తన్నానని ఎల్లిపోనావు. వచ్చే మాట సెప్పలేదు."

పెద్ద దేశంవాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. అటుపక్క వంగి ఉన్న సెమీసిని అడిగారు. సెమీసి తలకిందులుగా ఉండే, పూర్తిపాఠం అనువదించాడు. అది విని తువ్వాలు పరిచిన ఆటగాడి ముఖం ఎలాగో అయిపోయింది. వాళ్ళమ్మకి ఫోను చేసి ఎన్నాళ్ళయిందో ఏమో, ముక్కు ఎగబీల్చాడు. ఎగబీల్చి, పెద్దగా తుమ్మాడు. ఒకే ఒక్కటి.

"ఒంటి తుమ్ము!" సెమీసి అరిచాడు. "సర్వులును స్తంభించవలెను!"

"అది తుమ్ము కాదు బాబూ, జలుబు," అంది గవరమ్మ విసుగ్గా. అన్నాక తనే ఉలిక్కిపడింది. "సెప్పరా నాయినా."

"నువ్వు నీ బయాలన్నీ ఎనక్కి తీసుకో. అప్పుడు సెప్తాను."

"అన్నీనా? ఒక్కటైనా ఉంచుకోనీరా."

"ఒక్కటి కూడా ఒద్దు."

సెమీసి గొంతు సవరించుకున్నాడు. "జాతీయ అపాయదర్శి గారూ, అధికారపూర్వకముగా అడుగుచున్నాను. తమకు భయమేమైనా కలదా?"

గవరమ్మకు అన్నీ ఒక్కసారే గొంతులోకి వచ్చాయి. మెడ, వెన్ను, ముక్కు, పళ్ళు, గుండె, పిడుగు, సొరచేప. ఎదురుగా కొడుకు చెవి కనపడింది. ఈ ముందు వరుసలోనే ఏళ్ళతరబడి నలిగి నలిగి, ముడుచుకుపోయిన ఆకులా అయిపోయిన చెవి. వాడు దాన్ని ఎన్నడూ దాచుకోలేదు. అద్దంలో చూసుకుని మురిసిపోతుంటే తనే తిట్టేది.

"నేదు," అంది.

"కొంచెము స్పష్టముగా."

"నేదని సెప్పేను గదా బాబూ! నాకు ఏ బయమూ నేదు!"

ఆమె పుట్టి బుద్ధెరిగాక ఆడిన మొదటి అబద్ధం అదే. కళ్ళు పోతాయేమోనని ఒకసారి గట్టిగా ఆర్పి చూసుకుంది.

సింహాచలం తల ఇంకాస్త ముందుకు జరిపి, వాళ్ళమ్మ చెవిలో, మెల్లిగా అన్నాడు. "ఎల్లొత్తానే అమ్మా."

గవరమ్మ ఇంక ఒక్క క్షణం ఆగలేదు. తలుపుచెక్కల కాళ్ళ సందులోంచి పాక్కుంటూ బయటపడింది. భయమే లేనప్పుడు చతుర్థుడు దేనికి? ఆ సంగతి సెమీసికీ తోచింది గానీ, చతుర్థుడు బయటికి రావడానికి ఎవరి అనుమతి తీసుకోవాలో ఏ నిబంధనలోనూ లేదు. ఆయన దాని గురించి ఆలోచిస్తుండగా రిఫరీ ఈల వేశాడు.

ఆ తర్వాత జరిగింది రగ్బీ. తులోవా తుక్కుతుక్కుగా ఓడిపోయింది. స్కోరు చూపే పలకమీద అంకెలు తగిలించే మనిషికి చెయ్యి నొప్పి పుట్టింది. కానీ ఒకసారి, ఒకే ఒక్కసారి, తులోవా ముందు వరుస ఆ తలుపుచెక్కల్ని మూరెడు వెనక్కి నెట్టింది. ఆ మూరెడికి పెద్దదీవిలో లేచిన కేకలు చిన్నదీవుల్లో వినపడి, తుపాను హెచ్చరిక అనుకుని పడవలు ఒడ్డుకి లాగేశారు. గవరమ్మ ఆటంతా వేళ్ళ సందుల్లోంచి చూసింది. ఆ మూరెడప్పుడు మాత్రం చేతులు ఎప్పుడు కిందికొచ్చాయో తెలియదు.

దీపాలు పెట్టే వేళకి సింహాచలం ఇంటికొచ్చాడు. ముక్కు గుత్తి వంకాయంత ఉంది. ముందు పన్నొకటి లేదు. చొక్కా సగమే ఉంది.

"వచ్చేనే అమ్మా."

"ఎవుడ్రా నువ్వు? మా గుంటడికి ఇంత ముక్కు నేదు," అంది గవరమ్మ. అంటూనే పసుపూ నూనే వెచ్చబెట్టడానికి లోపలికి పరిగెత్తింది. వాడు పన్నులేని నోటితో నవ్వుతూ గుమ్మంలో కూలబడ్డాడు.

వారం తిరక్కుండా సెమీసి వచ్చాడు. మెడకి పట్టీ, చేతికి కట్టు, కోటుకి ఒకటే చెయ్యి ఉన్నాయి.

"మహాసంఘము వారి నూతన ఆదేశము. ఒక అపాయదర్శి భయము లేదని ప్రకటించుట రగ్బీ చరిత్రయందు ఇదియే ప్రథమము. భయము లేకుండుటయే అపాయములలోకెల్ల ఘోరమైన అపాయమని వారు నిర్ధారించినారు. కావున తమరు తగినంతగా భయపడుచున్నారా లేదా అని పరీక్షించుటకు ఒక భయ పర్యవేక్షకుని నియమించవలసినదని ఆజ్ఞ."

"ఎవుల్ని ఏసేరు బాబూ?"

"దేశము చిన్నది," అన్నాడు సెమీసి వినయంగా. "నన్నే వేసినారు." కట్టు లేని చేత్తో పెన్సిలు తీశాడు. "తమకు భయమేమైనా కలదా?"

గవరమ్మ పెరట్లోకి చూసింది. సింహాచలం కొబ్బరిచెట్టు కింద, సరిగ్గా కాయల కిందే, వాచిన ముక్కుకి తడిగుడ్డ వేసుకుని పడుకుని ఉన్నాడు. ఆమె నోరు తెరిచింది. మూసింది.

"ఈ పూటకి నేదు బాబూ. రేపు సూసుకుందాం."

సెమీసి దీర్ఘంగా నిట్టూర్చి, ఆ మాటే రాసుకుని లేచాడు. "అట్లయిన నేను ఇక నిష్క్రమించుచున్నాను," అంటూ గడపమీద కాలు పెట్టాడు.

గవరమ్మ పిలవబోయి ఆగింది. వెనకనుంచి పిలవకూడదు. గబగబా పెరటిదారిన ఇల్లు చుట్టి పరిగెత్తుకెళ్ళి, వీధిలో ఆయనకి ఎదురుగా రెండు చేతులూ చాపి నిలబడింది.

"అలా అనకూడదు బాబూ! వచ్చేది కూడా సెప్పండి!"

సెమీసి ఆగాడు. ఆలోచించాడు. విరగని చెయ్యి గుండెలమీద పెట్టుకుని, దేశం తరఫున ప్రమాణం చేస్తున్నట్టుగా అన్నాడు.

"నిష్క్రమించి, పునరాగమనము చేసెదను."

గవరమ్మ తృప్తిగా పక్కకి తప్పుకుంది. ఆయన నాలుగడుగులు వేశాక గానీ ఆమెకు తట్టలేదు, సర్కారు మనిషి, అన్నాడంటే నిజంగానే వస్తాడని. వెనక్కి తీసుకోమని చెబుదామా అంటే, అప్పటికే ఆయన వీపు ఇటు తిరిగిపోయింది.